రెండు సీట్ల స్పోర్ట్స్ కారు

రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అనగా డ్రైవరుకూ, ప్రక్కన మరొకరికీ మాత్రమే చోటు ఉండి, తక్కువ బరువు, తక్కువ ఎత్తు కలిగి, నడపడంలోని ఆనందాన్ని ముఖ్య ఉద్దేశ్యంగా పెట్టుకుని తయారుచేసిన కారు. వీటిలో మడిచి వెనక్కు దించగలిగే గుడ్డ టాపు ఉన్నవాటిని రోడ్‌స్టర్లు అంటారు. కోట్ల రూపాయల ఖరీదు చేసే ఫెరారీ, లంబోర్గినీ వంటివి కూడా రెండు సీట్ల కార్లే. అయితే ఈ వ్యాసం వాటిని గురించినది కాదు. సామాన్యమైన కుటుంబపు కారు ఇంజనునే వాడుకుంటూ, ప్రతిదినమూ ఉద్యోగానికీ, బజారుకూ వెళ్ళిరావడానికి పనికివచ్చే చిన్న స్పోర్ట్స్ కార్లను గురించినది. ఇటువంటి కారును ఇంట్లో ఉన్న ఏకైక కారుగానో, నిత్యం వాడే కారుగానో ఉంచుకోవడంలోని సాధకబాధకాలను హైదరాబాదు ఉత్తర శివార్లలోని తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతపు పరిస్థితులను ఉదాహరణగా తీసుకుని చివరి భాగాలలో వివరించడం జరిగింది.

పుట్టుక

చిన్న స్పోర్ట్స్ కారు అనేది ప్రత్యేకమైన యంత్రమని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఈ తరగతి కార్లలో అధికభాగం మామూలు కార్ల ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు తీసుకుని, వాటిపై తేలికైన బాడీ బిగించి తయారుచేసినవే. ధర తక్కువగా ఉండడానికీ, ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేయగలగడానికీ ఇదే కారణం.

1958లో ఇంగ్లండులో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని 948 సి.సి. ఇంజను ఆస్టిన్ ఎ35, మోరిస్ మైనర్ కార్లలో వాడినదే. స్టీరింగు మోరిస్ మైనర్‌ది. ఖర్చు తగ్గించడం కోసం మొదటి స్ప్రైట్‌కు డిక్కీ తలుపే పెట్టలేదు. సామాను పెట్టాలన్నా, స్టెప్నీ తీయాలన్నా సీట్ల వెనుకనుండి చేయి దూర్చి తీసుకోవలసినదే. బయటివైపు తలుపుల పిడులు కూడా లేవు. బానెట్టుపైకి పొడుచుకు వచ్చిన దీపాల మూలంగా దీనికి 'కప్ప కళ్ళ కారు' అనే ముద్దుపేరు వచ్చింది.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉన్నది. మన రోడ్లపై దశాబ్దాలపాటు తిరిగిన కుటుంబపు కార్లలో దాదాపు ప్రతిదానికీ విదేశాలలో ఒక రెండు సీట్ల తోబుట్టువు ఉండేది.

హిందూస్తాన్ అంబాసిడర్‌లో 1959 నుండి అమర్చిన 1489 సి.సి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' తరగతికి చెందినది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఉన్నది కూడా అదే 1489 సి.సి. 'బి' తరగతి ఇంజను. ఎం.జి.ఎ.లో రెండు కార్బ్యురేటర్లు పెట్టి పదును పెంచారు, అంబాసిడర్‌లో నిదానంగా నడిచేటట్లు ఉంచారు. మంత్రిగారి కారూ, కుర్రకారు మోజుపడే కారూ ఒకే కుదురు నుండి వచ్చినవన్నమాట. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు బ్రిటిష్ ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ ఛాసిస్‌ను పొడవు తగ్గించి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారును రూపొందించారు. బొంబాయిలో తయారై తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్ 1100 ఇంజను 1089 సి.సి. సామర్థ్యం కలది. ఇటలీలో 1950లలో అదే సామర్థ్యంతో 'ట్రాస్ఫొర్మాబిలె' అనే టాపు తెరిచే రెండు సీట్ల కారు వచ్చింది.

మారుతి 800 విషయంలోనూ ఇంతే. దాని 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను సుజుకీ వారి 'ఎఫ్' కుటుంబానికి చెందినది. అదే కుటుంబానికి చెందిన 657 సి.సి. ఇంజనుకు టర్బో జోడించి, 1991లో జపానులో సుజుకీ కాపుచీనో అనే బుల్లి స్పోర్ట్స్ కారును తెచ్చారు. దాని శక్తి 64 పి.ఎస్., బరువు సుమారు 700 కిలోలు. పొడవు 3.3 మీటర్ల లోపే, అనగా మారుతి 800 కన్నా కూడా కొంచెం తక్కువ. టాపును ముక్కలుగా విప్పి డిక్కీలో పెట్టుకునే ఏర్పాటు ఉండేది. అలా పెట్టాక డిక్కీలో ఇక దేనికీ చోటు మిగలదు. 1998లో దీని ఉత్పత్తి ఆగిపోయింది.

ఈ విధంగా తల్లి కార్లన్నీ మన దేశంలో తయారైనా, వాటి పిల్ల కార్లు ఒక్కటీ ఇక్కడ పుట్టలేదు.

మాజ్దా ఎమ్ఎక్స్-5

1970ల చివరికి బ్రిటిష్ రోడ్‌స్టర్లకు కాలం చెల్లింది. అవి తుప్పు పట్టేవి, నూనె కారేవి, వానలో మొరాయించేవి. 1962లో మొదలై అయిదు లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ రెండూ 1980లో ఆగిపోయాయి. రోజువారీ వాడకానికి పనికిరాకపోవడమే ఈ కార్ల పతనానికి ముఖ్య కారణాలలో ఒకటి. సెలవురోజున బయటికి తీసే కారును కొనగలవారు తక్కువమంది, రోజూ నడిపే కారును కొనేవారు ఎక్కువమంది.

ఈ లోటును గుర్తించినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పాత్రికేయుడు. పాత బ్రిటిష్ పద్ధతిలో చవకైన, తేలికైన రోడ్‌స్టరును తయారుచేయమని 1979లో అతడు మాజ్దా సంస్థలోని కెనిచీ యమమోతోకు సూచించాడు. యమమోతో తరువాత ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. తొషిహికో హిరాయ్ నేతృత్వంలో రూపుదిద్దుకున్న మాజ్దా ఎమ్ఎక్స్-5 (అమెరికాలో మియాటా) 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనలో వెలువడింది. దాని 1.6 లీటర్ల ఇంజనుకు మూలం మాజ్దా 323 అనే కుటుంబపు కారు ఇంజనే. ఇంజను ముందు, చోదనం వెనుక చక్రాలకు, బరువు టన్నుకు లోపు. 1962నాటి లోటస్ ఎలాన్ పోలికలు దీనిలో స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఎలాన్ వలె మాటిమాటికీ షెడ్డుకు పోవలసిన అవసరం దీనికి లేకపోయింది. తాళం తిప్పితే స్టార్టు కావడం, వానకు తడవకపోవడం, ఏళ్ళ తరబడి ఆఫీసుకు తీసుకువెళ్ళి తీసుకురావడం అనే మూడు సామాన్యమైన గుణాలే ఎమ్ఎక్స్-5 విజయానికి మూలం.

5,31,890 కార్ల ఉత్పత్తితో 2000 సంవత్సరంలో ఇది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షల కారు తయారైంది. 2015లో మొదలైన నాలుగవ తరం కారు బరువు కూడా టన్నుకు కొంచెం అటుఇటుగానే ఉండడం చెప్పుకోదగ్గ విషయం. మిగిలిన కార్లన్నీ తరం మారినకొద్దీ లావెక్కుతూ వచ్చాయి. మాజ్దా సంస్థ భారతదేశంలో కార్ల వ్యాపారం చేయడంలేదు గనుక ఈ కారు మన దేశంలో అధికారికంగా ఎన్నడూ అమ్మకానికి రాలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది పరిచితమైన కారే.

భారతదేశంలో

జి.డి.నాయుడు కారు

రోజువారీ వాడకానికి రెండు సీట్ల చిన్న కారు అన్న ఆలోచన మన దేశంలో చాలా ముందే వచ్చింది. కోయంబత్తూరుకు చెందిన తెలుగు కుటుంబీకుడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 - 1974) అందుకు ఆద్యుడు. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన ఈయన 1920లో పొల్లాచి - పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నెలకొల్పాడు. అనేక యంత్ర పరికరాలను స్వయంగా రూపొందించాడు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు ఒకటి తయారుచేశాడు. దాని ధర రెండువేల రూపాయలు. అది స్పోర్ట్స్ కారు కాదు. సామాన్యుడు రోజూ నడుపుకునే చిన్న బండి. కానీ ప్రభుత్వం నుండి తయారీకి లైసెన్సు రానందున ఉత్పత్తి ముందుకు సాగలేదు.

ఆ కాలపు పరిస్థితిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం ఏ వస్తువు, ఎన్ని, ఎవరు తయారుచేయాలన్నదానికి ప్రభుత్వ అనుమతి కావాలి. 1953లో టారిఫ్ కమీషన్ సిఫారసుల తరువాత దేశీయంగా తయారీ ప్రణాళిక ఉన్న కొద్ది సంస్థలకు మాత్రమే కార్ల రంగంలో చోటు మిగిలింది. తయారయ్యే కార్లు తక్కువ, ఎదురుచూసే కుటుంబాలు ఎక్కువ. ఒక అంబాసిడర్‌లో అయిదుగురు కూర్చోవలసినచోట ఏడెనిమిదిమంది కూర్చునే దేశంలో, ఇద్దరికే చోటున్న కారుకు ఇనుము, టైర్లు, విదేశీ మారకం కేటాయించడం అప్పటి ఆలోచనా విధానానికి మింగుడుపడే విషయం కాదు. కొరతలో విలాసం తగదన్న వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ నాయుడు కారు విలాసం కాదు, చవక. దానిని కూడా అదే గాటన కట్టడం విచారకరం.

శాన్ స్టార్మ్

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగిపోయింది. ఆ తరువాత 1990ల చివరలో బెంగుళూరు కేంద్రంగా గల శాన్ మోటార్స్ సంస్థ శాన్ స్టార్మ్ అనే చిన్న రెండు సీట్ల కారును తెచ్చింది. దీని ఆకృతిని ఫ్రాన్సుకు చెందిన లె మాన్స్ గ్రూపు రూపొందించింది. తయారీ గోవాలో జరిగింది. ఫైబర్ గ్లాస్ బాడీ, 1149 సి.సి. రెనో ఇంజను, సుమారు 60 అశ్వశక్తి, అయిదు గేర్లు, ముందు చక్రాల చోదనం దీని ముఖ్య లక్షణాలు. ఈ ఇంజను ఐరోపాలో రెనో క్లియో, ట్వింగో అనే చిన్న కార్లలో వాడినదే. వేగంలో ఇది గొప్ప కారు కాదు. అయినా పెట్రోలు ఖర్చులోనూ, నడపడంలోని సులువులోనూ రోజువారీ వాడకానికి తగినట్లుగా ఆలోచించి చేసిన తొలి భారతీయ స్పోర్ట్స్ కారుగా దీనిని పేర్కొనవచ్చును.

దీనికి ఎదురైన ఇబ్బంది ఇంజనులో లేదు, ఇంజను బంధువులు ఇక్కడ లేకపోవడంలో ఉన్నది. స్ప్రైట్ కొన్న ఆంగ్లేయుడికి వీధి చివర షెడ్డులో మోరిస్ మైనర్ భాగాలు దొరికేవి. శాన్ స్టార్మ్ వచ్చిన రోజుల్లో మన దేశంలో రెనో కార్లే అమ్మకంలో లేవు. మహీంద్రాతో కలిసి రెనో సంస్థ లోగాన్ కారును తెచ్చినది 2007లో. అందుచేత చిన్న విడిభాగం పాడయినా తయారీ సంస్థవైపే చూడవలసి వచ్చేది. సామాన్యపు కారు ఇంజను వాడుకోవాలన్న పాత సూత్రం ఆ సామాన్యపు కారు మన వీధిలో కూడా తిరిగినప్పుడే పనిచేస్తుంది. ఈ స్టార్మ్‌కు మారుతి ఇంజను దొరికి ఉంటే దాని కథ వేరుగా ఉండేదని అనుకోవడానికి అవకాశం ఉన్నది.

తరువాతివి

చింకారా మోటార్స్ వారు పాత లోటస్ సెవెన్ పోలికలో ఒక రోడ్‌స్టరును తెచ్చారు. దానిలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వాడారు. (అంబాసిడర్ 1800లో ఉన్నదీ ఇసుజు 1.8 లీటర్ల ఇంజనే.) 2012లో ప్రదర్శించిన డి.సి. అవంతి రెండు సీట్లదే గాని చిన్న కారు కాదు. 2025 జులైలో ఎం.జి. సైబర్‌స్టర్ అనే విద్యుత్ రోడ్‌స్టరు సుమారు 75 లక్షల రూపాయల ధరతో భారత విపణిలోకి వచ్చింది. పేరు ఎం.జి.యే అయినా దాని పొడవు నాలుగున్నర మీటర్లు, బరువు రెండు టన్నులకు దగ్గర. ఒక ఎమ్ఎక్స్-5కు రెట్టింపు బరువు. కాబట్టి చవకైన చిన్న రోడ్‌స్టరు అన్నది కొత్తగా కొనబోయేవారికి మన దేశంలో నేటికీ అందని వస్తువే. ఉన్నవల్లా పాత శాన్ స్టార్మ్‌లు, అరుదుగా దొరికే పాతకాలపు బ్రిటిష్ కార్లు, ఖరీదైన జర్మను కార్లు.

రోజువారీ వాడకం

తూంకుంట ప్రాంతం

తూంకుంట మేడ్చల్ - మల్కాజ్‌గిరి జిల్లా శామీర్‌పేట మండలంలోనిది. సికింద్రాబాదు నుండి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్ళే రాజీవ్ రహదారి ఈ ఊరి గుండా పోతుంది. 2018లో పురపాలక సంఘంగా ఏర్పడి, 2025లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది. ప్రక్కన హకీంపేట వైమానిక కేంద్రం, ముందుకు పోతే శామీర్‌పేట చెరువు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఔటర్ రింగ్ రోడ్ కూడలి, ఇంకా ముందు తుర్కపల్లి వద్ద జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. పడమరగా దేవరయాంజాల్ మీదుగా మేడ్చల్ వైపు చిన్న రోడ్లున్నాయి. ఒకే రోజున నగరపు రద్దీ, ఎనిమిది వరుసల రహదారి, పల్లె రోడ్డు మూడింటిపైనా నడపవలసి రావడం ఈ ప్రాంతవాసికి మామూలు. చిన్న స్పోర్ట్స్ కారును పరీక్షించడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు.

ఔటర్ రింగ్ రోడ్ మొత్తం పొడవు 158 కి.మీ. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు దీని ప్రధాన మార్గంపై అనుమతి లేదు. రెండు సీట్ల కారు ఎంత చిన్నదైనా కారే గనుక దానికి అనుమతి ఉన్నది. శామీర్‌పేట వద్ద ఎక్కి గచ్చిబౌలి వైపు ఉద్యోగానికి పోయేవారికి ఈ కారు బాగా సరిపోతుంది. అడ్డంకి లేని రోడ్డు, ఒక్కరే ప్రయాణం, చేతిలో ఒక సంచి. చిక్కల్లా ఎత్తుతో వస్తుంది. ఈ కార్లలో డ్రైవరు కన్ను ఇంచుమించు టిప్పరు చక్రం ఎత్తులో ఉంటుంది. ప్రక్క వరుసలో పోయే లారీ డ్రైవరుకు ఈ కారు అద్దంలో కనబడకపోవచ్చును. పగలు కూడా దీపాలు వేసి నడపడం, లారీ ప్రక్కన ఎక్కువసేపు ఉండక ముందుకో వెనక్కో జరగడం మంచిది.

దక్షిణంగా నగరంలోకి పోయే దారి వేరు. హకీంపేట, బొల్లారం, అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానాల మీదుగా సాగే ఈ దారికి రెండువైపులా చాలాచోట్ల రక్షణ శాఖ భూములు ఉండడం వలన విస్తరణ ఏళ్ళతరబడి ఆగిపోయింది. జూబ్లీ బస్ స్టేషన్ నుండి శామీర్‌పేట ఔటర్ కూడలి వరకు సుమారు 18 కి.మీ. ఎత్తైన వారధికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి రద్దీలో క్లచ్చి తొక్కి తొక్కి కాలు నొప్పిపుట్టడం స్పోర్ట్స్ కారుకూ మామూలు కారుకూ సమానమే. కాకపోతే స్పోర్ట్స్ కారులో కాళ్ళు ముందుకు చాచి, నేలకు దగ్గరగా కూర్చోవడం వలన మోకాళ్ళ నొప్పులున్నవారికి దిగడం ఎక్కడం కష్టమవుతుంది. వయసు పైబడిన తల్లిదండ్రులను వైద్యుని వద్దకు తీసుకుపోవడానికి ఈ కారు తగదు.

స్పీడు బ్రేకర్లు

మన రోడ్లపై ఈ కార్లకు అసలు శత్రువు స్పీడు బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెం.మీ. ఎత్తున, నున్నని వంపుతో ఉండాలి. అలా ఉంటే 25 కి.మీ. వేగంతో దాటవచ్చును. ఎమ్ఎక్స్-5 వంటి కారుకు నేలనుండి ఉండే ఎడం సుమారు 13 - 14 సెం.మీ. మారుతి 800కు 17 సెం.మీ. కాబట్టి ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడు బ్రేకరును ఏ స్పోర్ట్స్ కారయినా దాటుతుంది. కానీ ఊళ్ళలో, కాలనీలలో ఎవరికివారు ఇటుకలు పేర్చి, సిమెంటు పోసి కట్టుకునేవి ఈ కొలతలకు లొంగవు. వాటిపై ఆయిలు చాంబరు గీరుకుంటుంది. చాంబరు పగిలి నూనె కారిపోయినది గమనించక నడిపితే ఇంజను పట్టేస్తుంది. ఒక్క స్పీడు బ్రేకరు ఇంజను ఖర్చుకు దారితీయడం ఇలాగే.

ఇక్కడ చిన్న కారుకు ఒక సహజమైన మేలు ఉన్నది. స్పీడు బ్రేకరు తగలడం, తగలకపోవడం నేలనుండి ఉన్న ఎడంపై మాత్రమే ఆధారపడదు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే కారు నడుమ భాగం అంత సులభంగా దిమ్మపై ఆనుతుంది. ఎమ్ఎక్స్-5లో ఈ దూరం 2.3 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అందువలన పొడవాటి విలాసవంతమైన సెడాను నడుము కొట్టుకునే దిమ్మపై ఈ పొట్టి కారు ఒక్కొక్కసారి సునాయాసంగా దాటిపోతుంది. దిమ్మను ఐమూలగా, ఒక్కొక్క చక్రాన్ని ఎక్కిస్తూ దాటించడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. వెనుకనుండి వచ్చే బస్సు హారను కొడుతుంది. కొట్టనివ్వాలి. కారు ఎత్తు ఇంకా తగ్గించే స్ప్రింగులు, వెడల్పాటి టైర్లు వేయించడం వంటి ముచ్చట్లను రోజూ నడిపే కారు విషయంలో మానుకోవడం మేలు.

ఎండ, వాన

టాపు తెరిచే కారు ఇంగ్లండు వంటి చలిదేశంలో ఎండకోసం మొహంవాచినవారు కనిపెట్టినది. హైదరాబాదులో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పగటిపూట టాపు తెరిచి నడపడం ఇక్కడ శిక్ష. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయాలు, మిగిలిన కాలంలో పొద్దుగూకిన తరువాత మాత్రమే టాపు తీయడానికి అనువైన సమయాలు. శామీర్‌పేట చెరువు గాలి ఆ వేళల్లోనే హాయిగా ఉంటుంది. కంకర, ఇసుక లారీల వెనుక ఆ హాయి కూడా దక్కదు.

గుడ్డ టాపు, దాని వెనుకనున్న ప్లాస్టిక్ కిటికీ ఎండకు పెళుసెక్కి పగుళ్ళు తీస్తాయి. నీడలేని చోట నిలిపే కారుకు గుడ్డ టాపు కొన్నేళ్ళకొకసారి మార్చవలసిన వస్తువని ముందే లెక్కవేసుకోవాలి. వానాకాలంలో మరొక ప్రమాదం ఉన్నది. టాపు అంచులనుండి కారే నీటిని బయటికి పంపే సన్నని గొట్టాలలో ఆకులు, మట్టి చేరి మూసుకుపోతే నీరు లోపలి తివాచీ క్రిందకు చేరుతుంది. వాసన వచ్చేదాకా తెలియదు, వచ్చేటప్పటికి నేల రేకు తుప్పు పట్టి ఉంటుంది. జూన్ ముందు ఈ గొట్టాలను శుభ్రం చేయించడం తప్పనిసరి. రోడ్డుపై నిలిచిన నీటిలోకి దించితే ఇంజను నీటిని పీల్చుకుని కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆటో దాటినంత మాత్రాన ఈ కారూ దాటుతుందని అనుకోరాదు.

సామాను

ఎమ్ఎక్స్-5 డిక్కీ 125 - 130 లీటర్లది. 25 కిలోల బియ్యం బస్తా, వారానికి సరిపడా కూరగాయలు పడతాయి. ఊరినుండి వచ్చే మామిడిపళ్ళ బుట్ట, పెళ్ళికి పోయేటప్పటి సూట్‌కేసులు పట్టవు. వెనుక సీటు లేదు గనుక మిగిలినది ప్రక్క సీటే. అంటే సామాను ఎక్కువైతే మనిషిని దింపవలసి ఉంటుంది.

రెండవ సీటు

మన తెలుగునాట మధ్యతరగతి కుటుంబాలలో అత్యధికులు రోజూ నడిపేది రెండు సీట్ల వాహనమే. స్కూటరుకు, మోటారు సైకిలుకు చట్టప్రకారం ఇద్దరే. అయినా ముందు ఒక బిడ్డను, మధ్యలో ఒక బిడ్డను కూర్చోబెట్టుకుని నలుగురు పోవడం చూస్తూనే ఉంటాము. రెండు సీట్ల కారులో ఆ సర్దుబాటు లేదు. సీట్ల మధ్య గేరు కడ్డీ, వెనుక గోడ. అందుచేత పెళ్ళి కాని ఉద్యోగికి, పిల్లలు పెద్దవారై వెళ్ళిపోయిన దంపతులకు, ఇంట్లో ఇంకొక కారు ఉన్నవారికి ఇది సరిపోతుంది. మధ్యనున్న ఇరవై ఏళ్ళ సంసారానికి సరిపోదు. ఈ కార్లను ఎక్కువమంది అమ్ముకునేది మొదటి బిడ్డ పుట్టినప్పుడే అని లోకంలో వాడుక.

బిడ్డను కూర్చోబెట్టడం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం 14 సంవత్సరాల లోపు పిల్లలకు సీటు బెల్టుగాని, పిల్లల సీటుగాని ఉండాలి. లేనిచో డ్రైవరుకు వెయ్యి రూపాయల జరిమానా. మామూలు కారులో పిల్లల సీటును వెనుక బిగిస్తారు. రెండు సీట్ల కారులో ముందే బిగించాలి. ఎయిర్ బ్యాగు ఎదురుగా, వెనుకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటును ఎట్టి పరిస్థితిలోను పెట్టరాదు. చిన్న ప్రమాదం జరిగినా బ్యాగు తెరుచుకునే దెబ్బ బిడ్డ తలకు తగులుతుంది. ఆ వైపు ఎయిర్ బ్యాగును ఆపుచేసే స్విచ్చి ఉన్న కారు అయితే, దానిని ఆపి, దీపం చూసి నిర్ధారించుకున్న తరువాతనే బిడ్డను కూర్చోబెట్టాలి. స్విచ్చి లేని కారులో పసిబిడ్డను తీసుకుపోకపోవడమే సరైన పని. బిడ్డను ఒడిలో పెట్టుకోవడం ఇంకా ప్రమాదకరం.

మరమ్మత్తులు, విడిభాగాలు

రోజూ నడిపే కారుకు వేగంకన్నా విడిభాగం ముఖ్యం. కొనేముందు చూడవలసినది అశ్వశక్తి కాదు, ఆ ఇంజను ఇంకే కారులో వాడారన్నది. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేకు ప్యాడ్లు, బేరింగులు వంటివి కొలత సరిపోతే వేరే కారువి కూడా పనికివస్తాయి. పాత శాన్ స్టార్మ్ ఉన్నవారు ఈ పద్ధతిలోనే నెట్టుకురావలసి ఉంటుంది. అద్దాలు, తలుపు రబ్బర్లు, టాపు కొక్కేలు మాత్రం ఆ కారువే కావాలి. అవి విరిగితే ఇంజను పాడయినదానికన్నా పెద్ద తలనొప్పి. పనికిరాని మరొక కారును భాగాల కోసం కొని ఉంచుకునేవారూ ఉన్నారు.

ఫైబర్ గ్లాస్ బాడీకి తుప్పు పట్టదు, సొట్టలు పడవు, పగులుతుంది. మామూలు టింకరింగు షెడ్డులో సుత్తితో సరిచేసే పద్ధతి దీనికి పనికిరాదు. రెజిను, ఫైబరు గుడ్డ పొరలు పొరలుగా వేసి అతికించాలి. పడవలు, నీటి తొట్లు, బస్సుల ముందుభాగాలు తయారుచేసే ఫైబరు పనివారు ఈ పనిని కార్ల షెడ్డువారికన్నా బాగా చేయగలరు.

దిగుమతి, రిజిస్ట్రేషను

విదేశాలలో ఉన్న తెలుగువారు అక్కడ వాడిన కారును స్వదేశానికి తెచ్చుకోవచ్చునా అని తరచుగా ఆలోచిస్తారు. పాత కార్ల దిగుమతికి నిబంధనలు కఠినమైనవి. కారు వయసు మూడు సంవత్సరాలు మించరాదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. అమెరికాలో కొన్న మియాటా ఈ రెండవ నిబంధన దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లండు, జపాను, ఆస్ట్రేలియాలలోనివి కుడివైపు స్టీరింగువే గాని, వాటిలోనూ 1990లనాటి చవక కార్లకు వయసు అడ్డువస్తుంది. ఆపైన సుంకం కారు ధరను మించుతుంది.

దేశంలో ఇప్పటికే రిజిస్టరయిన కారును కొనేటప్పుడు ఆర్.సి.లో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కారుపై ఉన్నవాటితో సరిచూసుకోవాలి. వేరే ఇంజను బిగించిన పాత స్పోర్ట్స్ కార్లు అరుదు కాదు, ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోతే తరువాత బదిలీ జరగదు. వేరే రాష్ట్రపు కారుకు అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తీసుకుని, తెలంగాణలో జీవితకాల పన్ను చెల్లించాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత వాహనాన్ని పరీక్షకు హాజరుపరచి, హరిత పన్ను కట్టి, అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవచ్చును. 1990ల చివర తయారైన శాన్ స్టార్మ్‌లు అన్నీ ఇప్పుడు ఈ పొడిగింపు దశలోనే ఉన్నాయి. పరీక్షలో దీపాలు, హారను, బ్రేకులు, పొగ చూస్తారు. టాపు గుడ్డ చిరిగిందా లేదా అన్నది చూడరు.